కాపురం కుర్చీ

ఈ దేశం పేరు నేను చెప్పకూడదు. చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఉత్తరాన ఉందనీ, చలి ఎక్కువనీ, జనం తక్కువనీ తెలిస్తే చాలు. ఖాళీ అయిపోతున్న ఊళ్ళను నింపుకోవడానికి వీళ్ళు బయటి దేశాల కుటుంబాలను పిలిపించుకుంటారు. పిలిచినంత మర్యాద తరవాత ఉండదు. వచ్చిన ఇరవై ఒక్క రోజుల్లో ఊరు ఎంచుకోవాలి, ఎంచుకున్న ఊళ్ళో ఐదేళ్ళు కదలకుండా ఉండాలి. మొదట్లో సగం మంది రెండో చలికాలం చూడకుండానే మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. అందుకని మా లాబొరేటరీ ఒక కుర్చీ తయారుచేసింది.

దానికి నోరు తిరగని అధికారిక నామం ఒకటుంది. వలస వచ్చిన తెలుగువాళ్ళు మాత్రం కాపురం కుర్చీ అంటారు. ఒక్కో ఊళ్ళో రెండొందల మంది ఒంటికి సన్నటి తీగలు అంటించుకుని మూడేళ్ళు తిరిగారు. వాళ్ళ ఒళ్ళు ఓర్చిన చలి, ఎక్కిన మెట్లు, పీల్చిన వాసనలు, ముసురు పట్టిన రోజుల దిగులు, అన్నీ కలిపి వడగట్టి, మెడ వెనక అతికించే ఒక బిళ్ళ ద్వారా కుర్చీలో కూర్చున్న మనిషికి ఎక్కిస్తాం. నలభై నిమిషాల్లో ఆ మనిషికి ఆ ఊళ్ళో మూడేళ్ళు గడిచిపోతాయి. నోటితో ఏం చెబుతారన్నది కుర్చీకి అక్కర్లేదు. ఒళ్ళు ఎంత పేచీ పెడుతోందో చూస్తుంది. పేచీ తగ్గినకొద్దీ నిలకడ అంకె పెరుగుతుంది. వందకు నలభై దాటితే ఊరు సరిపడినట్టు. ఏ ఊళ్ళోనూ నలభై దాటకపోతే ఆ మనిషికి తిరుగు విమానం.

ఆ కుర్చీ నడిపే ఇద్దరిలో నేనొకదాన్ని. పేరు వకుళ, సొంతూరు చీరాల, వచ్చి పంతొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ఓపిక ఉన్నవాళ్ళు కూడా ఇప్పుడెవరూ మిగల్లేదు. ఓల్మా అనే రేవు పట్నంలో, ట్రాము ఆగే చోట, చేపల బజారు మీద మేడలో ఒంటి గది నాది. ప్రతి ఆదివారం మా చెల్లెలికి ఫోన్ చేసి ఒంటరితనం గురించి ఏడిచేదాన్ని. చివరికి దాన్నే ఇక్కడికి రప్పించుకున్నాను.

మా చెల్లెలు ఇందుమతి. దాని మొగుడు మార్కండేయులు మగ్గాల దగ్గర పుట్టి పెరిగి, తరవాత పెద్ద నేత మిషన్లు బిగించే పనిలో దిట్ట అనిపించుకున్నాడు. చేపల వలలు అల్లే ఫ్యాక్టరీలకు అలాంటి వాళ్ళు కావాలని ఈ దేశం ప్రకటించగానే నేనే దరఖాస్తు నింపాను. ఎనిమిదేళ్ళ కూతురు చంద్రికతో సహా ముగ్గురూ సెప్టెంబరులో దిగారు. ఊరు తేలేదాకా నా గదిలోనే ఉన్నారు. రెండో రోజుకే వంటిల్లు ఇందు చేతిలోకి వెళ్ళిపోయింది. లేవగానే ఎవరో కాఫీ చేతికివ్వడం నాకు పంతొమ్మిదేళ్ళ తరవాత అదే. వారం తిరక్కుండానే మంచం మీద నుంచే "ఇందూ, కాఫీ" అని కేకెయ్యడం అలవాటు చేసుకున్నాను.

ముగ్గురిలో పెద్దవాళ్ళిద్దరినే కుర్చీలో కూర్చోబెట్టాలి. పదేళ్ళలోపు పిల్లలు తల్లిదండ్రులతో పోతారు. మూడు ఊళ్ళు చూపించారు. ఒకటి మా ఓల్మా, రెండోది పొలాల మధ్య ఉండే బెరిన్, మూడోది పదకొండు గంటల బస్సు ప్రయాణం దూరంలో, ఉత్తరపు కొసన ఉన్న స్కార్వా. స్కార్వాలో ఏడు వారాల పాటు సూర్యుడు కనపడడు. ఓల్మా రావాలని నేను మనసులో మొక్కుకున్నాను. లాబొరేటరీలో పనిచేస్తూ అంకె కోసం మొక్కుకోవడమేమిటని నవ్వొచ్చింది కూడా.

బంధువులు కుర్చీ గదిలో ఉండకూడదన్నది మా నియమం. ఇంటివాళ్ళు కళ్ళబడితే గుండె లయ మారుతుంది, కొలత చెడుతుంది. అందుకని ఆ రోజు మా పెద్ద, డాక్టర్ హాగన్, తనే కుర్చీ నడిపాడు. లోపలివాళ్ళకు మనం కనపడని అద్దం ఇవతల నేను నిలబడ్డాను. మార్కండేయులు ఓల్మాలో యాభై ఐదు, బెరిన్‌లో నలభై ఎనిమిది. పొలాల వాసన పడక పళ్ళు పటపట కొరికాడు పాపం. స్కార్వాలో డెబ్బై ఒకటి వచ్చింది.

తరవాత ఇందు కూర్చుంది. మొదటి చలికాలం దగ్గర చాలామంది ఏడుస్తారు, కొందరు బిళ్ళ పీకేసుకుంటారు. ఇందు కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఓల్మా తొంభై మూడు. బెరిన్ తొంభై మూడు. స్కార్వా తొంభై మూడు. ఈ దేశంలో పుట్టినవాళ్ళకు కూడా సొంత ఊళ్ళో ఎనభై ఐదు దాటడం మేము చూడలేదు. హాగన్ కుర్చీ బాగానే ఉందో లేదోనని రెండుసార్లు తనిఖీ చేసుకున్నాడు. ఆ తరవాత నా దగ్గరికొచ్చి, మీ వాళ్ళలో ఇలాంటి ఆడవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారని అడిగాడు. నేను పొంగిపోయాను. మా వాళ్ళు ఎక్కడైనా సర్దుకుపోతారండీ అని గొప్పగా చెప్పాను.

నాకా మాట మీద నమ్మకం ఊరికే రాలేదు. అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు ఇంటర్మీడియెట్ మధ్యలో మానేసింది ఇందు. నేను మానలేదు. అమ్మ ఒళ్ళు తుడిచింది అది, ఎంట్రన్సు పరీక్ష రాసింది నేను. అమ్మ పోయిన ఏడాదికే దాని పెళ్ళి కుదిర్చాను. అత్తగారిల్లు చీరాలలోనే, ఇంట్లో పదకొండు మంది. పెళ్ళయ్యాక ఎలా ఉందే అంటే, బానే ఉందక్కా అనేది. బాగా లేదని ఎన్నడూ అనని మనిషిని గురించి బెంగపడే తీరిక ఎవరికుంటుంది?

ఆ సాయంత్రం అన్నాలు తింటున్నప్పుడు, ఏ ఊరు నచ్చిందని ఇందునడిగాను. మూడూ బాగున్నాయంది. కాస్త ఎక్కువ నచ్చిందేదని గుచ్చి అడిగితే, పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ, "ఎక్కడైనా ఒకటేలే అక్కా, ఆయనకి పని దొరికే చోటైతే చాలు" అంది. మార్కండేయులు మంచివాడు. కాగితం మీద సంతకం చేసే ముందు కూడా ఆమెను మళ్ళీ అడిగాడు. ఇందు తలూపింది. అన్ని చోట్లా ఒకే అంకె వచ్చిన మనిషి లెక్కలోకి రాదు కాబట్టి, మార్కండేయులి అంకెను బట్టి స్కార్వా ఖాయమైంది. వద్దు, నా దగ్గరలో ఉండండి అనాలని నోటిదాకా వచ్చింది. అంకెలు నమ్మి బతుకుతున్నదాన్ని, ఏ మొహంతో అంటాను?

అక్టోబరు మొదటి వారంలో వాళ్ళు బస్సెక్కారు. గది ఒక్కసారిగా బోసిపోయింది.

స్కార్వాలో వాళ్ళకు రెండు గదుల ఇల్లిచ్చారు. వేడి యంత్రం ఒక గదిలోనే పనిచేసేది. చలికాలమంతా ముగ్గురూ ఆ ఒక్క గదిలోనే. వండటం, తినడం, పడుకోవడం, చంద్రిక చదువు, మార్కండేయులి టీవీ, అన్నీ అక్కడే. ఆదివారం ఫోన్ చేస్తే వెనక ఎవరో ఒకరు ఇందును పిలుస్తూనే ఉండేవారు. "ఎప్పుడూ అందరం ఒక్కచోటే ఉంటాం అక్కా" అందొకసారి. నాకు అసూయ కలిగింది. ఫోన్ పెట్టేసి, నా ఖాళీ గదిని చూసుకుని కాసేపు ఏడ్చాను కూడా.

నవంబరులో ఇందు కూడా వలల ఫ్యాక్టరీలో చేరింది. మిషను అల్లిన వలకు అంచులు చేత్తో ముడెయ్యాలి. చీరాల చేతులకు అదొక లెక్క కాదు. ఇక్కడ లాబొరేటరీలో హాగన్ ఇందు కొలత గీతను పెద్దగా అచ్చు వేయించి గోడకు తగిలించాడు. కొండలూ గుంటలూ లేకుండా తిన్నగా పోయే గీత. దాన్ని చూపించి ఆ చలికాలంలో ఇంకో ఎనభై తెలుగు కుటుంబాలను రప్పించాడు. కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళలో చాలామందికి ఎనభై, తొంభై వచ్చాయి. ఇక ఆడవాళ్ళ అంకె చూడనక్కర్లేదు, మగవాళ్ళది చూస్తే చాలునని ఒక ఉత్తర్వు వచ్చింది. దాన్ని తెలుగులోకి మార్చి గోడకు అంటించింది కూడా నేనే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మార్కండేయులు ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది. ముందు రోజు ముళ్ళేసే షెడ్డులో హీటరు పాడైందట. పనివాళ్ళందరినీ ఇళ్ళకు పొమ్మన్నారట. అందరూ వెళ్ళారు. ఇందు వెళ్ళలేదు. మూడు గంటల తరవాత కాపలా మనిషి తలుపు వెయ్యబోయి చూస్తే, బల్ల ముందు కూర్చుని ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి.

"పొమ్మన్నా ఎందుకు పోలేదే అంటే, పోదామనే అనుకుంటన్నా అంటంది వొదినా" అన్నాడు. "నేనేం తక్కువ చేశానో నాకర్థం కావట్లా."

అంతమాట అని ఏడ్చేశాడు. ఆపరేషన్ సౌకర్యం ఓల్మాలోనే ఉంది కాబట్టి ముగ్గురినీ అంబులెన్సులో ఇక్కడికి తెచ్చారు. వేళ్ళ కొసలు రెండూ తీసేశారు. వేళ్ళు గడ్డకడుతున్నప్పుడు ఎవరైనా కేకలు పెడతారు, ఈమె ఎలా ఊరుకుందని డాక్టరు నన్నడిగాడు. ఇందు కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఆస్పత్రి గదిలో ఒంటరిగా పన్నెండు రోజులుంది. మేము చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా లేచి కూర్చుని, తిన్నారా అని అడిగేది.

ఆ పన్నెండు రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు. లాబొరేటరీ గోడమీది ఆ తిన్నటి గీత ముందు రోజూ కాసేపు నిలబడేదాన్ని. నాకొక ఆలోచన వచ్చి కూర్చుంది. ఇందు సర్దుకుపోయి సర్దుకుపోయి, చివరికి ఒళ్ళే పేచీ పెట్టడం మానేసి ఉంటుంది. చలేసినా చెప్పదు, కాలినా చెప్పదు. పేచీ లేదంటే సుఖంగా ఉన్నట్టని మా కుర్చీ అనుకుంది. అదే నిజమైతే ఆ ఎనభై ఇళ్ళ ఆడవాళ్ళ సంగతేమిటి? హాగన్‌తో చెప్పాను. ఆయన దుర్మార్గుడేం కాదు, మొహం పాలిపోయింది. కానీ నిరూపించాలి కదా అన్నాడు. ప్రమాదం జరిగిన వలసదారును మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాలనే నియమం ఎలాగూ ఉంది. అంకె నలభైకి తగ్గితే మాత్రం ఆమెను ఆ నెలలోనే వెనక్కి పంపాల్సి ఉంటుందనీ, ఐదేళ్ళ ఒప్పందం మార్కండేయులి పేరున ఉంది కాబట్టి పిల్ల ఇక్కడే ఉండిపోతుందనీ గుర్తుచేశాడు. కట్టు విప్పిన రోగికి భాష తెలిసిన మనిషి పక్కనుండాలనే వంకతో, నియమం సడలించి నన్నే కుర్చీ నడపమన్నాడు.

సోమవారం పొద్దున కూర్చోబెట్టాను. మార్కండేయులూ చంద్రికా వరండాలో ఉన్నారు. నేను అద్దం వెనక నుంచి స్కార్వా ఎక్కించాను. నలభై నిమిషాలు. తొంభై మూడు. అంకె పక్కన నేను సంతకం పెడితే ఫైలు మూతపడుతుంది. పెట్టలేదు. అప్పుడు నేననుకున్న పని చేశాను. బిళ్ళలోంచి ఊరు తీసేశాను. ఓల్మా లేదు, బెరిన్ లేదు, స్కార్వా లేదు. ఉత్త కుర్చీ. ఏ ఊరూ లేకుండా మనిషిని కూర్చోబెడితే రెండు నిమిషాల్లో ఎవరైనా బెంబేలెత్తిపోతారు, అంకె పడిపోతుంది. పావుగంట చూశాను. తొంభై మూడు నుంచి కదల్లేదు.

మైకులో అడిగాను, ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నావే అని.

"ఏ ఊరూ లేదు గదక్కా. నల్లగా ఉంది" అంది. "బాగుంది."

నాకు కోపమొచ్చింది. దాని మీదో, నా మీదో తెలియలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. తెర మీద అంకె ఎనభై ఎనిమిదికి దిగింది. అది పట్టించుకునే స్థితిలో లేను. మొత్తం వెళ్ళగక్కేశాను. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ సర్దుకుపోయి నీ ఒంటినే మోసం చేసుకున్నావనీ, నీవల్ల మా మిషను కూడా మోసపోయిందనీ, రెండు వేళ్ళు పోయినా నీకు బుద్ధి రాలేదనీ. ఇందు కళ్ళు తెరిచి, నేనలిసిపోయేదాకా విన్నది.

"సర్దుకోడం ఏం లేదక్కా" అంది. "మీ కుర్చీలో నేనొక్కదాన్నే ఉంటా గదా. ఓల్మాలో మూడేళ్ళున్నా. నీ గదిలాంటి గదే, ట్రాము పోతంటే కిటికీ అద్దం అదిరేది. బెరిన్లో మూడేళ్ళు. స్కార్వాలో మూడేళ్ళు. తొమ్మిదేళ్ళల్లో నన్నెవురూ పిలవలా. మెలకువొచ్చినప్పుడు లేశా, ఆకలైనప్పుడు తిన్నా. అట్టా ఉన్నాక ఏ ఊరైతే ఏముంది?"

మరి ఆ షెడ్డులో ఏం జరిగిందే అని అడిగాను.

"అందరూ లేసిపోయారు. మిషన్లు ఆగిపోయినయ్. ఎంత సద్దుమణిగిందో నీకు చెప్పలేను. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటా కూర్చున్నా. చలి తెలవక కాదక్కా. బాగా తెలిసింది."

కుర్చీ అబద్ధం చెప్పలేదు. దాని తొంభై మూడూ నికార్సైన తొంభై మూడే. ఇంటివాళ్ళుంటే కొలత చెడుతుందని వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి కొలిచాం. చెడగొట్టేదేదో దాన్నే కొలవాలని మాకెవరికీ తట్టలేదు. మార్కండేయులు నిన్నేమన్నా అంటాడా అనడిగాను. ఇందు తల అడ్డంగా ఊపింది. "ఆయన మంచోడు. పిల్లంటే నాకు పాణం. అందుకే ఎవురికీ చెప్పలేకపోయా. ఏం తక్కువైందని చెప్పను?"

నేను దాని మంచి చెయ్యి పట్టుకున్నాను. స్కార్వా వద్దు, ఏదో ఒకటి చేసి హాగన్ కాళ్ళావేళ్ళా పడతాను, నా దగ్గరే ఉండిపో అన్నాను. మనసారా అన్నాను. మనమిద్దరమే ఉందాం, పొద్దున్నే కలిసి కాఫీ తాగుదాం అన్నాను. ఇందు నవ్వి, అట్టాగేలే అక్కా అంది. ఎందుకో తల తిప్పి తెర చూశాను. అరవై రెండు.

ఆ అంకె చూసినప్పుడు కలిగిన సిగ్గు నాకు జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు. దాన్ని రప్పించుకున్నది నా ఒంటరితనం తీరడానికి. దానికేం కావాలో ఒక్కనాడూ అనుకోలేదు. ఎన్నేళ్ళుగానో నేను ఏడుస్తూ చెప్పుకున్న నా ఒంటి గది గురించి, అది అవతల ఫోన్ పట్టుకుని ఎలా విని ఉంటుందో అప్పుడు తెలిసింది.

అంతలో తలుపు కొంచెం తెరుచుకుంది. మార్కండేయులు తల లోపలికి పెట్టాడు. చేతిలో ఇందు కోటు ఉంది. వెనక నుంచి చంద్రిక తొంగిచూస్తోంది.

"అయిందా ఇందూ? పిల్ల ఆకలంటంది" అన్నాడు మెల్లగా.

"అయిపోయింది, వస్తన్నా" అంది ఇందు.

దాని మొహంలో ఏమీ మారలేదు. గొంతు కూడా మారలేదు, నవ్వు అలాగే ఉంది. తెర మీద మాత్రం అంకె యాభై దాటి, నలభై దాటి, ముప్పై నాలుగు దగ్గర ఆగింది. మార్కండేయులికి మా అంకెలు చదవడం తెలియదు. బిడ్డ చెయ్యి పట్టుకుని బయటే ఉంటామని చెప్పి తలుపు వేశాడు.

ఫైలు నా ముందుంది. ముప్పై నాలుగని రాస్తే ఇందును ఒంటరిగా విమానం ఎక్కిస్తారు. అది దిగేది పదకొండు మంది ఉన్న ఆ చీరాల ఇంట్లోనే. పిల్ల మొహం నాలుగున్నరేళ్ళ దాకా చూడటానికుండదు. తొంభై మూడని రాస్తే మళ్ళీ స్కార్వా, మళ్ళీ ఆ ఒక్క గది. ఓల్మాలో ట్రాము పోయే వీధిలో ఒక మనిషికి ఒక గది, వారానికి రెండు రోజులో మూడు రోజులో, పిల్లకు దూరం కాకుండా. ఆ కోరిక రాసే గడి మా ఫారంలో లేదు. నేనే వెతికాను, అటూ ఇటూ తిప్పి చూశాను. అలాంటి గడి ఒకటి ఉండాలని ఎవరైనా అడిగి ఉంటే కదా.

ఇందు నా వైపే చూస్తోంది. ఎంతొచ్చింది అని అడగలేదు. నాకు తెలుసులే అన్నట్టుంది దాని చూపు. "పిల్లనిడిచి ఉండలేనక్కా" అంది ఒక్కటే.

నేను తొంభై మూడు రాశాను. సంతకం పెట్టాను. రేపు హాగన్‌కు నిజం చెబుతాను, ఎనభై ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళి, ఇంటివాళ్ళను గదిలో కూర్చోబెట్టి కొలవమంటాను. ఆయన వింటాడో లేదో. విన్నా, అన్ని ముప్పై నాలుగులు తేలితే ఈ దేశం ఆ ఆడవాళ్ళను ఏం చేస్తుందో ఆలోచించుకోవాలంటే భయమేసింది.

బిళ్ళ తియ్యడానికి దాని మెడ వెనక చెయ్యి పెట్టాను. ఇందు నా వేళ్ళు పట్టుకుని ఆపింది.

"అక్కా, ఇంకో పది నిమిషాలు ఇట్టా కూర్చోనా? ఊరేం పెట్టొద్దులే. నువ్వు కూడా బయటుండు."

ఇందు తన జీవితంలో నన్నడిగిన మొదటి కోరిక అదే.

స్కార్వా బస్సుకు టైమవుతోందమ్మా అన్నాను. అవునులే అని లేచి, కోటు కోసం తలుపు వైపు నడిచింది. నిజానికి బస్సుకు ఇంకా రెండు గంటలుంది. మేమందరం బయటికి వెళ్ళగానే ఆ అంకె మళ్ళీ పైకి పాకడం చూడలేక అబద్ధమాడాను.